రులిసన్ అణు పేలుడు స్థలం, చుట్టూ గ్యాస్ బావులు: బ్యాటిల్‌మెంట్ మెసాలో ఇల్లు తీసుకోవచ్చా?

సుధ_డెన్వర్

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఒక విషయం తేల్చుకోలేక అడుగుతున్నాను.

మా ఆయనకి కొలరాడో పడమటి వైపు పారాషూట్ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. నది అవతల బ్యాటిల్‌మెంట్ మెసాలో ఒక అద్దె ఇల్లు చూసి వచ్చాం. డెన్వర్ అద్దెల ముందు ఎంతో నయం, గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు. అడ్వాన్స్ ఇద్దామనుకుంటుండగా ఆయనతో పనిచేయబోయే ఒకాయన "మీ ఇంటి వెనక కొండల్లోనే అణుబాంబు పేల్చారు, ఎవరూ చెప్పలేదా?" అన్నాడట. ఆట పట్టిస్తున్నాడనుకున్నాం. వెతికితే నిజమే. ప్రాజెక్ట్ రులిసన్, 1969. పారాషూట్‌కి ఆగ్నేయంగా ఎనిమిది మైళ్లు ఉంటుందేమో. ఇప్పుడు ఆ చుట్టుపక్కలంతా గ్యాస్ బావులు.

మాకు మూడేళ్ల పాప. రెండో బిడ్డ గురించి కూడా అనుకుంటున్నాం. కింద ఉండిపోయిన రేడియోధార్మికత ఈ బావుల్లోంచి పైకి వస్తుందా? తాగే నీళ్లలో కలుస్తుందా? అది కాక, గ్యాస్ బావుల పక్కన ఉంటే వేరే జబ్బులేమైనా వస్తాయా? తెలిసినవాళ్లు చెప్పండి. "ఏం కాదు వెళ్లండి", "అమ్మో వద్దే వద్దు" అనే సలహాలు రెండూ ఇంట్లోవాళ్ల దగ్గర్నుంచి వచ్చేశాయి కాబట్టి వాటిని వదిలేయండి.

భూచరిత్ర

సుధ గారూ, ఆరోగ్యం సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. చరిత్ర మాత్రం నేను చెప్తాను. అది తెలియకుండా మిగతాది అర్థం కాదు.

అణు పేలుళ్లని కాలువలు తవ్వడానికి, రేవులు కట్టడానికి వాడొచ్చని 1957లో అమెరికా అణుశక్తి సంఘం ప్లౌషేర్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో ఒక ముక్క గ్యాస్. రాకీ పర్వతాల కింద సహజవాయువు బోలెడు ఉంది, కానీ రాయి గట్టిది, బోరు వేస్తే చాలినంత రాదు. బాంబు పెట్టి రాయిని పగలగొడితే వస్తుంది కదా అన్నది వాళ్ల ఆలోచన. ముందు 1967 డిసెంబర్ 10న న్యూమెక్సికోలో గ్యాస్‌బగ్గీ, 29 కిలోటన్నులు. తర్వాత 1969 సెప్టెంబర్ 10న రులిసన్. హ్యూస్టన్‌కి చెందిన ఆస్ట్రల్ ఆయిల్ కంపెనీ భాగస్వామి. 8,426 అడుగుల లోతున 40 కిలోటన్నుల పరికరం పేల్చారు. హిరోషిమా మీద పడ్డది 15 కిలోటన్నుల చిల్లర, పోల్చుకోండి. అడ్డుకోవాలని కొందరు నిరసనకారులు నిషేధిత ప్రాంతంలోకి వెళ్లి కూర్చున్నారు, అయినా పేల్చేశారు. చుట్టుపక్కల ఇళ్లలో పొగగొట్టాలు బీటలు వారితే నష్టపరిహారాలు కట్టారు.

గ్యాస్ వచ్చింది. 1970 చివర్నుంచి 1971 వసంతం దాకా పరీక్ష పేరుతో 45.5 కోట్ల ఘనపుటడుగులు బయటికి తీసి అక్కడే మండించేశారు. అమ్మలేదు. ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ కలిసిన గ్యాస్‌తో పొయ్యి వెలిగించుకోవడానికి ఎవరొప్పుకుంటారు? 1973 మేలో పక్క కౌంటీలో రియో బ్లాంకో అని మళ్లీ మొదలెట్టారు. ఒకే బావిలో ఒకదాని కింద ఒకటి మూడు పరికరాలు, ఒకేసారి. పేలుళ్లకి రాయిలో ఏర్పడే మూడు గుహలూ కలిసిపోవాలి, కలవలేదు. 1974లో కొలరాడో ఓటర్లు, ఇకపై మా అనుమతి లేకుండా రాష్ట్రంలో అణు పేలుడు జరపకూడదని రాజ్యాంగ సవరణకే ఓటేశారు.

మనకి సంబంధించిన సంగతి ఒకటి. అదే 1974 మేలో పోఖ్రాన్‌లో మనవాళ్లు పేల్చినదానికి "శాంతియుత అణు పేలుడు" అని పేరు పెట్టారు గదా. ఆ మాట ఆ రోజుల సరుకే.

రిగ్గుల_రాంబాబు

నేను హ్యూస్టన్‌లో రిజర్వాయర్ పని చేస్తాను, అంటే నేల కింద గ్యాస్ ఉండే రాతిపొరల పని. పారాషూట్ ఉన్న పిసియాన్స్ బేసిన్ అనే గ్యాస్ ప్రాంతంలో కూడా కొంతకాలం చేశాను. కాబట్టి నన్ను "కంపెనీ మనిషి" అనేవాళ్లు ముందే అనేసుకోండి.

అక్కడి గ్యాస్ విలియమ్స్ ఫోర్క్ అనే ఇసుకరాయి పొరలో ఉంటుంది. ఇసుకరాయి అంటే గోదారి ఇసుకలా నీళ్లు పీల్చేసుకునేది అనుకోకండి, కాల్చిన ఇటుకే దానికన్నా ఎక్కువ పీలుస్తుంది. అందుకే అప్పట్లో బాంబు వేశారు, ఇప్పుడు ఫ్రాకింగ్ చేస్తున్నారు, అంటే ఒత్తిడితో నీళ్లు, ఇసుక పంపి రాయిని చీల్చడం. పేలుడు గుహ దగ్గరున్న గ్యాస్ దానంతటది నడుచుకుంటూ మైళ్లు రాదు. ఫ్రాకింగ్ చీలికలు బావి నుంచి కొన్ని వందల అడుగులు పోతాయి. పైగా ఆ పొరలో సహజమైన పగుళ్లు దాదాపు తూర్పు పడమరలుగా ఉంటాయి, ఫ్రాక్ చీలికలూ అటే సాగుతాయి. కాబట్టి పేలుడు స్థలానికి సరిగ్గా తూర్పునో పడమరనో ఉన్న బావుల మీద కన్నేసి ఉంచాలి. ఉత్తర దక్షిణాలుగా ఉన్నవాటితో అంత పేచీ లేదు.

నిబంధనలు: పేలుడు జరిగిన 40 ఎకరాల ముక్కలో 6,000 అడుగుల కిందికి ఎవరూ తవ్వకూడదు. అక్కడ ఒక ఫలకం ఉంది, దాని మీదే రాసి ఉంటుంది. అర మైలు లోపల బోరు వెయ్యాలంటే రాష్ట్ర చమురు గ్యాస్ కమిషన్ విచారణ పెట్టాలి. మూడు మైళ్ల లోపల అర్జీ పెడితే అమెరికా ఇంధన శాఖకి తెలియజెయ్యాలి. ఆ పరిధిలో బావుల నుంచి గ్యాస్, దాంతో వచ్చే నీళ్లు నమూనా తీసి ట్రిటియం వగైరా చూస్తారు. ఇప్పటిదాకా రులిసన్ నుంచి వచ్చిందని చెప్పదగ్గది ఏ బావిలోనూ దొరకలేదు.

కరీంనగర్_కిరణ్

> ఇప్పటిదాకా రులిసన్ నుంచి వచ్చిందని చెప్పదగ్గది ఏ బావిలోనూ దొరకలేదు.

రాంబాబన్నా, నువ్వు చెప్పింది తప్పు అంటలేను. కానీ సగమే చెప్పినవ్.

1976లో రులిసన్ పేలుడు బావులను సిమెంటు పోసి మూసిండ్రు. ఇగ లోపల ఏమున్నదో లెక్కగట్టి చెప్పుడే, చూసి చెప్పుడు కాదు. ముప్పు తక్కువ అనే మాట కూడ కంప్యూటర్ లెక్కల మీద నిలవడ్డదే. ఆ లెక్కలను ఇంధన శాఖోళ్లే ఒకటికి రెండుసార్లు తిరగరాసుకున్నరు. 2010ల ఇంధన శాఖ ఏం చెప్పిందో చదువు: దూరం నుంచి మొదలువెట్టి, ప్రతి దశల నమూనాలు తీసుకుంట, మెల్లమెల్లగ లోపటికి రావాలె అన్నది. అంటే ఏంది? భయం లేకుంటే మెల్లగ రమ్మని ఎందుకు చెప్తది?

ఇంకోటి. గుహల ఉన్నదాన్ని బయటికి తీసి శుభ్రం చేసే పద్ధతే లేదు, గది వాళ్లే ఒప్పుకుంటరు. అక్కడి మనుషులను 1969ల ఎవ్వరు అడగలే. మళ్లా గ్యాస్ కంపెనీలు వచ్చినప్పుడు గూడ గా మనుషులే కొట్లాడి విచారణలు పెట్టించుకున్నరు. నిబంధనలు ఊరికె రాలే.

రిగ్గుల_రాంబాబు

మెల్లగా రమ్మనడం జాగ్రత్త కిరణ్, భయం కాదు. కొత్త బావి ప్రతిదీ ఒక కొలత. దూరంగా ఉన్నవాటిలో ఏమీ లేకపోతే లెక్క నిలిచినట్టు, ఉంటే అక్కడే ఆగుతారు. అంతకన్నా ఏం చెయ్యాలంటావు?

కరీంనగర్_కిరణ్

అర మైలు లోపటికి రాకుండ ఉండాలంట. భూమిల గ్యాస్ గంతలనే ఉన్నదా?

ఐసోటోప్_ఇందిర

మీరిద్దరూ కాసేపు ఆగితే సుధ గారి మొదటి రెండు ప్రశ్నలకి జవాబు చెప్తాను. నేను ఆసుపత్రిలో రేడియేషన్ భద్రత చూస్తాను, ఐసోటోపులతోనే నా రోజంతా.

పేలుడు వేడికి చుట్టూ ఉన్న రాయి కరిగి గుహ అడుగున గాజులా గడ్డకట్టింది. ప్లుటోనియం లాంటివి చాలావరకు ఆ గాజులోనే చిక్కుకున్నాయి, అవి ప్రయాణం చెయ్యవు. కదలగలిగేవి మూడు: ట్రిటియం, క్రిప్టాన్-85, కార్బన్-14. క్రిప్టాన్ అర్ధాయువు పదేళ్ల పైచిలుకు. 1970-71లో మండించినప్పుడే అందులో ఎక్కువ భాగం గాలిలోకి పోయింది, మిగిలినదీ ఈపాటికి చాలా తగ్గిపోయి ఉంటుంది. కార్బన్-14 అర్ధాయువు 5,730 ఏళ్లు, అది తగ్గదు, కానీ మొదట్నుంచీ ఉన్నదే కొద్ది.

అసలు చూడాల్సింది ట్రిటియం. అది హైడ్రోజన్‌కి అన్న లాంటిది కాబట్టి మీథేన్‌లోనూ దూరుతుంది, నీళ్లలోనూ దూరుతుంది. అర్ధాయువు 12.3 ఏళ్లు. 1969లో వంద పాళ్లు ఉందనుకుంటే ఇప్పుడు నాలుగైదు పాళ్లు. దాని బీటా కిరణం చర్మం కూడా దాటలేదు, పక్కన నిలబడితే ఏమీ కాదు. తాగితేనో, ఆవిరిగా పీలిస్తేనో లోపలికి వెళ్తుంది. వెళ్లినా ఒంట్లో నీళ్లతోపాటే తిరిగి బయటికి పోతుంది, సుమారు పది రోజులకి సగం. తాగే నీళ్లలో అమెరికా పరిమితి లీటరుకి 20,000 పికోక్యూరీలు (రేడియోధార్మికతని కొలిచే ప్రమాణం).

ఇక నీళ్లు. బ్యాటిల్‌మెంట్ మెసాకి కుళాయి నీళ్లు కొలరాడో నది నుంచి తీసి శుద్ధి చేసి ఇస్తారు. ఎనిమిది వేల అడుగుల కింద ఉన్నది నదిలోకి రావాలంటే దారి కావాలి. రాంబాబు గారు చెప్పిన రాయిలో ఆ దారి ఒకటే, మనిషి వేసిన బోరు. అందుకే బోర్ల నుంచి వచ్చే నీళ్లని పరీక్షించడం ముఖ్యం. సొంత బోరు ఉన్న ఇల్లయితే ట్రిటియం పరీక్ష చేయించుకోమంటాను, దానికి పెద్ద ఖర్చు కాదు. మీది కుళాయి ఇల్లేగా?

ఒక్కమాట కిరణ్ గారి వైపు నుంచి కూడా. లెక్కలో ప్రమాదం తక్కువ అని తేలడం వేరు, అడక్కుండా ఆ తక్కువ ప్రమాదాన్ని జనం నెత్తిన పెట్టడం వేరు. రెండోదానికి కోపం రావడం సహజం, ట్రిటియం అర్ధాయువుతో అది తగ్గదు.

సుధ_డెన్వర్

కుళాయి ఇల్లేనండి. చాలా థాంక్స్, మొదటిసారి నాకు అర్థమయ్యేలా ఎవరో చెప్పారు. అయితే రేడియేషన్ సంగతి వదిలేసి నిశ్చింతగా ఉండొచ్చంటారా?

డాక్టర్_వేణు

రేడియేషన్ సంగతి వరకే. మూడో ప్రశ్న ఇంకా ఎవరూ ముట్టుకోలేదు, నాకైతే పెద్దది అదే. నేను పిల్లల డాక్టర్ని.

మీరు వెళ్తున్న గార్ఫీల్డ్ కౌంటీ మీదే మంచి పరిశోధన ఉంది. కొలరాడో ప్రజారోగ్య కళాశాల వాళ్లు 2012లో ప్రచురించారు. బావులకి అర మైలు లోపల ఉన్నవాళ్లనీ, అంతకన్నా దూరంగా ఉన్నవాళ్లనీ పోల్చారు. గాలిలో కొలిచిన బెంజీన్ వగైరాల మీద లెక్కిస్తే జీవితకాలంలో అదనపు క్యాన్సర్ ముప్పు దగ్గరవాళ్లకి పది లక్షల మందిలో 10, దూరంవాళ్లకి 6. తేడా ఉంది కానీ గుండెలు బాదుకునేంత కాదు. నన్ను ఆపింది ఇంకో అంకె. బావి పూర్తిచేసే దశలో, అంటే ఫ్రాకింగ్ అయ్యాక లోపలికి పంపిన ద్రవం గ్యాస్‌తో కలిసి తిరిగొచ్చే వారాల్లో, క్యాన్సర్ కాని ముప్పు సూచిక దగ్గరవాళ్లకి 5 వచ్చింది. ఒకటి దాటితే ఆలోచించాలి. దూరంవాళ్లకి 0.2. ట్రైమిథైల్‌బెంజీన్లు, జైలీన్లు ప్రధాన కారణం. తలనొప్పి, కళ్లు మండటం, గొంతు గరగర, ఉబ్బసం ఉన్న పిల్లలకి ఇబ్బంది. ఆ తరహా అన్నమాట.

గర్భం గురించి అడిగారు కాబట్టి: అదే బృందం 2014లో, 1996 నుంచి 2009 దాకా కొలరాడో గ్రామీణ ప్రాంతాల్లో పుట్టిన లక్షా పాతికవేల మంది పిల్లల రికార్డులు చూసింది. పది మైళ్లలో బావులు బాగా కిక్కిరిసిన చోట ఉన్న తల్లుల పిల్లల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాలు సుమారు 30 శాతం ఎక్కువ కనిపించాయి. నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువ ఉండటం మాత్రం ఎక్కువ కాలేదు, నిజానికి కాస్త తక్కువే. అన్నీ ఒకవైపే చూపించలేదు కాబట్టే ఆ పరిశోధనని నేను నమ్ముతాను, అలాగే దాని హద్దునీ గుర్తుంచుకుంటాను: వాళ్ల దగ్గర చిరునామాలే ఉన్నాయి, ఎవరు ఎంత పీల్చారో కొలతలు లేవు.

గోదారోడు

నాకీ అణుబాంబులూ అవీ తెలీవండి. గ్యాస్ బావి పక్కన బతకడం మాత్రం తెలుసండి, మాది అమలాపురం దగ్గర.

1995 జనవరి 8న పాశర్లపూడిలో బ్లోఅవుట్ అయింది, అంటే బావి అదుపు తప్పి గ్యాస్ ఎగదన్నింది. అరవై అయిదు రోజులు మండిందండి. రాత్రిపూట మా ఊళ్లో లాంతరక్కర్లేదు. ఆ హోరుకి ఇంట్లో మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గరికొచ్చి అరవాలి. కొబ్బరాకులు దగ్గరోటివి మాడి గోధుమరంగు తిరిగిపోయాయి, దూరపువాటి మీద మసి. వేలి మీద రాస్తే అంటుకునేది. అప్పట్లో మా అమ్మగారు వడియాలు ఆరబెట్టడం మానేసేరు. జనాన్ని ఖాళీ చేయించేరు గానండి, ఆ పొగ పీల్చినోళ్ల ఒంట్లో ఏమైందో అడిగిన డాక్టరు మా వైపు నాకు తెలిసి రాలేదు. తర్వాత 2014లో నగరం అనే ఊళ్లో పైపులైను పేలింది, అదైతే మీకందరికీ తెలుసు.

ఆ వేణు గారు చెప్పినట్టు ఎవరో ఒకరు గాలి కొలిచి కాయితం మీద పెట్టడం, అదే గొప్పండి. మా దగ్గర ఆ కాయితం లేదు.

భూచరిత్ర

గోదారోడు గారూ, బ్లోఅవుట్ అన్నారు కాబట్టి ఇది వినండి. సోవియట్ ఉజ్బెకిస్తాన్‌లో ఉర్తా-బులాక్ అనే చోట ఒక గ్యాస్ బావి 1963 డిసెంబర్ నుంచి దాదాపు మూడేళ్లు ఆరకుండా మండింది. చివరికి 1966 సెప్టెంబర్ 30న పక్కగా ఏటవాలు బోరు వేసి, అందులో 30 కిలోటన్నుల అణు పరికరం దింపి పేల్చారు. రాయి జరిగి బావి గొంతు నులిమేసింది, మంట సెకన్లలో ఆరిపోయింది. ప్లౌషేర్ వాళ్లకి దక్కని విజయం వీళ్లకి దక్కింది.

గోదారోడు

బాబోయ్. మా పాశర్లపూడి వాళ్లకి ఈ ఐడియా రానందుకు దణ్ణం పెట్టుకోవాలండి.

నల్లబంగారం99

అమెరికాలో కూర్చుని డాలర్లు సంపాదిస్తూ గ్యాస్ పొయ్యి మీద కాఫీ పెట్టుకుంటూ గ్యాస్ వద్దంటారు. మీ ఇంట్లో కట్టెల పొయ్యి పెట్టుకోండి ముందు.

అడ్మిన్_2

సుధ గారు అడిగింది ఇల్లు తీసుకోవచ్చా అని. గ్యాస్ వద్దని ఇక్కడెవరూ అనలేదు. నల్లబంగారం గారి తర్వాతి రెండు పోస్టులు తీసేశాను. విషయం మీదే ఉండండి.

కరీంనగర్_కిరణ్

వేణు గారు చెప్పినదానికి ఒక ముచ్చట కలుపుత, ఎందుకంటే అది సరిగ్గ సుధక్క ఇల్లు చూసిన ఊరిదే. 2009-10ల ఆంటెరో అనే కంపెనీ బ్యాటిల్‌మెంట్ మెసా ఊరి లోపటనే 200 దాకా బావులు వేస్తమన్నది. ఆ ఊర్ల శానమంది ఉద్యోగాలు చేసి రిటైరై వచ్చినోళ్లు. కాయిదాలు చదువుతరు, మీటింగులకు వస్తరు. వాళ్లు అడిగితే కౌంటీ ఒప్పుకొని, వేణు గారు చెప్పిన గా కళాశాలోళ్లతోనే ఆరోగ్య ప్రభావ అధ్యయనం చేయించింది. ముసాయిదా రెండుసార్లు వచ్చింది. 2011 మేల కౌంటీ కమిషనర్లు "చాలు ఇగ" అని ఆపేసిండ్రు. తుది ప్రతి రానేలే. ముసాయిదా మాత్రం దొరుకుతది. ట్రక్కుల రద్దీ, చప్పుడు, గాలి, నీళ్లు, అన్నీ అందుల ఉన్నయి. ఇల్లు తీసుకునేముందు చదువు అక్కా.

ఇంకోటి, 2004ల సిల్ట్ అనే ఊరి దగ్గర వెస్ట్ డివైడ్ క్రీక్ అనే వాగుల నీళ్లలకెల్లి గ్యాస్ బుడగలు వచ్చినయి, బెంజీన్ గూడ దొరికింది. కారణం ఎన్‌కానా కంపెనీ బావికి సిమెంటు సరిగ్గ పట్టకపోవుడు. రాష్ట్రం 3,71,200 డాలర్లు జరిమానా వేసింది. దాంట్ల అణువు లేదు, బాంబు లేదు. మామూలు బావి, మామూలు సిమెంటు.

రిగ్గుల_రాంబాబు

డివైడ్ క్రీక్ సంగతి నిజమే, మా వాళ్ల ట్రైనింగ్‌లో కూడా చెప్తారు. అయితే 2012 నాటి గాలి కొలతల్ని ఇవాళ్టికి అలాగే అన్వయించకండి. అప్పట్లో తిరిగొచ్చే ద్రవాన్ని తెరిచిన ట్యాంకుల్లోకి వదిలి గ్యాస్‌ని గాలిలోకి పోనిచ్చేవారు. 2015 నుంచి దాన్ని పట్టి పైపులోకి పంపడం తప్పనిసరి. 2019లో కొలరాడో చట్టం మార్చి, ముందు ఆరోగ్యం భద్రత, తర్వాతే ఉత్పత్తి అని కమిషన్‌కి చెప్పింది. కొత్త ప్యాడ్లు, అంటే బావులు తవ్వడానికి చదును చేసే స్థలాలు, ఇళ్లకి 2,000 అడుగుల దూరంలో ఉండాలని 2020లో నిబంధన పెట్టారు. మినహాయింపులు ఉన్నాయి, పాత ప్యాడ్లకి వర్తించదు, అదీ నిజమే.

సుధ గారూ, ఇంతకీ మీ ఆయన ఉద్యోగం ఏమిటి? ఎవరూ అడగలేదు.

సుధ_డెన్వర్

గ్యాస్ ఫీల్డ్‌లోనే అండి. ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. బావుల దగ్గర మీటర్లు, ట్యాంకు లెవెల్ గేజీలు చూసుకోవాలి అన్నారు. బావుల నుంచి వచ్చే నీళ్లని శుద్ధి చేసే చోట కూడా పని ఉంటుందట.

రిగ్గుల_రాంబాబు

అయితే మనం ఇంతసేపూ ఇంట్లో ఎవరి గురించి భయపడాలో వాళ్లని వదిలేసి మాట్లాడుకున్నాం.

ట్యాంకు పైకెక్కి మూత తెరవడం. ఇది చదివేవాళ్లకి చిన్న పనిలా ఉంటుంది. మూత కింద ఒత్తిడితో హైడ్రోకార్బన్ ఆవిర్లు ఉంటాయి. తెరవగానే వేసవి రోడ్డు మీద ఎండమావిలా గాలి వణుకుతూ కనిపిస్తుంది, వాసన మొదటి క్షణం గాఢంగా వచ్చి తర్వాత తెలియదు. ఆక్సిజన్ పక్కకి పోతుంది, తల తిరుగుతుంది, మనిషి మూత మీదే వాలిపోతాడు. 2016లో అమెరికా కార్మిక భద్రతా సంస్థలు రెండూ కలిసి హెచ్చరిక ఇచ్చాయి: 2010 నుంచి 2014 దాకా తొమ్మిది మంది ఇలా ట్యాంకుల దగ్గర పోయారు. కొందరికి మొదట గుండెపోటు అని రాశారు. వాళ్లలో చాలామంది ఒంటరిగా పనిచేస్తున్నవాళ్లే.

ఆయన్ని ఇవి అడగమనండి: మూత తెరవకుండా లెవెల్ చూసే ఆటోమేటిక్ గేజీలు ఉన్నాయా? తెరవాల్సి వస్తే ఇద్దరు వెళ్తారా? ఛాతీ మీద పెట్టుకునే నాలుగు గ్యాసుల మానిటర్ ఇస్తారా? ఫ్రాక్ జరుగుతున్న ప్యాడ్ మీదికి పంపితే ఇసుక ధూళికి సరైన మాస్కు ఉందా? ఆ ఇసుక సిలికా, 2012లోనే దాని మీద హెచ్చరిక వచ్చింది. గాలి ఎటు వీస్తోందో చూసి, ఆవిర్లు మన మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడటం ఎవరూ నేర్పరు, నేర్చుకోవాలి.

ఐసోటోప్_ఇందిర

బావుల నీళ్లని శుద్ధి చేసే చోటు అన్నారు కాబట్టి నేనూ ఒకటి. అక్కడ రేడియోధార్మికత ఉండే అవకాశం ఉంది, కానీ బాంబుది కాదు. లోతు పొరల ఉప్పునీళ్లలో సహజంగా రేడియం ఉంటుంది. పైపుల లోపల, ట్యాంకు అడుగున తెల్లటి గట్టి పొరగా పేరుకుంటుంది. రేడియం-226 అర్ధాయువు 1,600 ఏళ్లు. అది పైపులో ఉన్నంతసేపు పెద్దగా భయం లేదు. గీకినప్పుడు, పొడి రేగినప్పుడు పీల్చకూడదు, ఆ చేతులతో తినకూడదు. సుధ గారూ, ఆయన పని బట్టలు, బూట్లు ఇంట్లోకి తేకుండా చూడండి. పాప బట్టలతో కలిపి ఉతకొద్దు. బట్టలకి బెంజీన్, డీజిల్, ధూళి, ఏది అంటుకున్నా ఇదే జాగ్రత్త.

చూడండి, అరవై ఏళ్ల నాటి బాంబు గురించి మూడు మైళ్ల దాకా నమూనాలు తీస్తున్నారు. ఈ తెల్ల పొర గురించి చాలా చోట్ల పనివాళ్లకి చెప్పను కూడా చెప్పరు.

కరీంనగర్_కిరణ్

గా బాంబు గురించి కొట్లాడినోళ్లు ఉన్నరు కాబట్టి తీస్తున్నరు అక్కా. పనోళ్ల కోసం కొట్లాడెటోళ్లు తక్కువ.

డాక్టర్_వేణు

రెండో బిడ్డ గురించి ఒక్కటి. గర్భం వచ్చిన మొదటి ఎనిమిది వారాల్లోనే గుండె తయారవుతుంది, చాలామందికి ఆ సగం కాలం తెలియనే తెలియదు. కాబట్టి ముందే ఆలోచించడం మంచిది. ఇంటికి అర మైలు లోపల కొత్త బావులు తవ్వే, ఫ్రాక్ చేసే కాలం పడితే, వీలైతే ఆ నెలలు తప్పించండి. గ్యాస్ మామూలుగా వస్తూ ఉండే పాత ప్యాడ్ వేరు, పని నడుస్తున్న ప్యాడ్ వేరు. పాపకి ఉబ్బసం లాంటిదేమైనా ఉందా?

సుధ_డెన్వర్

లేదండి, చలికాలం జలుబు తప్ప.

రాష్ట్ర కమిషన్ మ్యాపు ఇప్పుడే తెరిచి చూశాను. రాంబాబు గారి ప్రశ్నలన్నీ ఆయనకి పంపించాను. ఒంటరిగా వెళ్తారా అన్నదానికి "తెలీదు, అడుగుతా" అన్నారు, గొంతు కొంచెం మారింది. మేం చూసిన ఇంటికి దగ్గర్లో ఉన్న ప్యాడ్ అర మైలు కన్నా కొంచెం దగ్గరే. దాని మీద కొన్ని బావులు "ఉత్పత్తిలో" అని, రెండు "పర్మిట్ వచ్చింది" అని చూపిస్తోంది. దానర్థం ఏమిటి?

రిగ్గుల_రాంబాబు

ఉత్పత్తిలో అంటే ఎప్పుడో తవ్వేశారు, గ్యాస్ వస్తోంది. పర్మిట్ వచ్చింది అంటే తవ్వడానికి అనుమతి ఉంది, ఇంకా తవ్వలేదు. రేపే రిగ్గు రావచ్చు, గ్యాస్ ధర పడిపోతే ఎప్పటికీ రాకపోవచ్చు. మీరు అద్దెకుండే కాలంలో వస్తే వేణు గారు చెప్పిన వారాలు మీ కిటికీ బయటే.

ఆ పర్మిట్ గడువు తేదీ అదే పేజీలో ఉంటుంది, చూడండి. ఇంటాయన్ని అడిగితే లాభం లేదు. అక్కడ నేల ఒకరిది, కింద ఖనిజ హక్కు ఇంకొకరిది, ఆయనకీ చెప్పకపోవచ్చు. కౌంటీలో చమురు గ్యాస్ వ్యవహారాలు చూసే ఉద్యోగి ఉంటారు, ఆయనకి ఫోన్ చెయ్యండి. వెళ్లాక వాసనో తలనొప్పో వస్తే రాష్ట్ర ఆరోగ్యశాఖలో దీనికోసమే ఫిర్యాదులు తీసుకునే విభాగం ఉంది, అవసరమైతే గాలి కొలిచే వాహనం పంపుతారు. తేదీ, టైము, గాలి ఎటు వీచిందీ రాసిపెట్టుకుని చెప్పండి, లేకపోతే వాళ్లొచ్చేసరికి ఏమీ ఉండదు.

కరీంనగర్_కిరణ్

లేకుంటే రైఫిల్ అనే ఊర్ల చూడుండ్రి. ఇరవై నిమిషాల దారి. గక్కడ గూడ బావులున్నయి గని, మ్యాపు పెట్టుకొని చూస్తె దూరం ఉన్న ఇండ్లు దొరుకుతయి.

సుధ_డెన్వర్

రైఫిల్‌లో రెండు ఇళ్లు పెట్టుకున్నాం, శనివారం చూస్తాం. బ్యాటిల్‌మెంట్ మెసా ఇంటాయనకి వారం టైమ్ అడిగాను. పర్మిట్ గడువు చూశాను, వచ్చే ఏడాది జూన్ దాకా ఉంది. కౌంటీ ఆయన ఫోన్ ఎత్తలేదు, రేపు పొద్దున మళ్లీ చేస్తాను.